నలభై ఆరు స్టార్టప్‌ల ఊరు

రాళ్ళవాగుపల్లె పంచాయతీ కంప్యూటర్‌లో తిష్ఠ వేసిన వైరస్‌ను ఇరవై నాలుగు గంటల్లో సమూలంగా నిర్మూలిస్తామని, ఈ విషయంలో ఎంతటివారినైనా ఉపేక్షించేది లేదని రంగనాయకులు గారు పంచాయతీ మైకులో ప్రకటించారు.

వైరస్ అనే మాట వినగానే ఊరు తన వంతు సహకారం అందించింది. నలుగురైదుగురు బీరువాల్లోంచి పాత మాస్కులు తీశారు. గొర్రెల ఎర్రయ్య తన మందను ఆ కంప్యూటర్ ఉన్న రంగనాయకులు గారి వీధిలోంచి తోలకుండా చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. పారిశుధ్య సిబ్బంది ఎవరూ చెప్పకముందే రంగనాయకులు గారి ఇంటి చుట్టూ బ్లీచింగ్ పౌడర్ చల్లి, గుమ్మానికి అటూ ఇటూ సున్నంతో గీతలు గీశారు. ఫోటో బాగా వచ్చింది. మర్నాడు జిల్లా పేజీలో 'వైరస్‌పై సమరభేరి' అని పడింది. కంప్యూటర్ మాత్రం ఈ వార్తను ఇంకా చూసుకోలేదు. అది ఉదయం ఎనిమిదింటికి ఆన్ చేస్తే మధ్యాహ్నం దాకా కళ్ళు తెరవడం లేదు.

రంగనాయకులు గారిని ఊరంతా సర్పంచ్ గారు అంటుంది. నిజానికి సర్పంచ్ ఆయన భార్య కృష్ణకుమారి. సీటు ఆడవాళ్ళకు వచ్చింది కాబట్టి నామినేషన్ వేసిందీ ఆమే, గెలిచిందీ ఆమే, ప్రమాణం చేసిందీ ఆమే. మిగతా శ్రమంతా ఆమెకెందుకని ఆయన తన మీద వేసుకున్నారు. కుర్చీలో కూర్చోవడం, దండలు వేయించుకోవడం, మార్కాపురం మీటింగులకు పోవడం అన్నీ ఆయనే చూసుకుంటారు. ప్రజాసేవ మొత్తంలో కృష్ణకుమారికి మిగిలింది ఆమె కుడిచేతి బొటనవేలు ఒక్కటే. దాన్ని మాత్రం ప్రభుత్వం ఆయన పేరు మీదికి మార్చనివ్వలేదు.

ఆ వేలితోనే వచ్చింది చిక్కంతా. ఊళ్ళో బోరు నీళ్ళు తాగితే మోకాళ్ళు వంగవు, పిల్లల పళ్ళు పసుపు పచ్చగా మారతాయి. వేసవిలో ఊరి గొంతు తడిపేది ట్యాంకరే. ఆ ట్యాంకరు రావాలంటే రోజూ పన్నెండు గంటల లోపు కంప్యూటర్‌లో నీళ్ళు కావాలని ఇండెంటు పెట్టి, సర్పంచ్ బొటనవేలు ఒత్తాలి. పెద్దాఫీసు వాళ్ళు ఆ లాగిన్‌ను ఒక్క పంచాయతీ కంప్యూటర్‌కే కట్టేశారు. ఫోన్లో తెరుచుకోదు, ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోదు. పన్నెండు దాటిందంటే ఆ రోజు ఆ ఊరికి దాహం లేనట్టే లెక్క.

పంచాయతీ ఆఫీసులో దుమ్ము పడుతుందని రంగనాయకులు గారు ఆ కంప్యూటర్‌ను భద్రత దృష్ట్యా తన ఇంటికి తెచ్చుకున్నారు. హాల్లో టీవీ పక్కన పెట్టి, పూసల అంచు గుడ్డ కప్పి, కన్నబిడ్డలా చూసుకున్నారు. ఉచితంగా దొరికేది ఏదీ దానికి లోటు చేయలేదు. జాతకం చెప్పే ప్రోగ్రాం, ఫ్లెక్సీలో మొహం తెల్లగా చేసే ప్రోగ్రాం, చక్రం తిప్పితే కారు వస్తుందనే ప్రోగ్రాం, అన్నీ దించారు. కంప్యూటర్ నెమ్మదించింది. వేగం పెంచుతామనే ప్రోగ్రాం ఒకటి కనబడితే దాన్నీ దించారు. ఇంకా నెమ్మదించింది. చెత్త ఊడ్చేవి అంటూ ఏడు పోగయ్యాయి. ఆ ఏడూ ఒకదాన్ని ఒకటి వైరస్ అని తిట్టుకుంటూ కూర్చున్నాయి, అచ్చం మండల పార్టీ ఆఫీసులాగా.

ట్యాంకరు రాక మూడో రోజు. పొద్దున్నే ఆదెమ్మ, సంతోషమ్మ బిందెలతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆదెమ్మది గొర్రెల వాళ్ళ వీధి, కృష్ణకుమారికి వరసకు అత్త. సంతోషమ్మ చర్చి పక్క వీధిలో ఉంటుంది, కూలికి పోతుంది.

"ఏంది కోడలా, ఈ పొద్దన్నా వస్తాదా నీళ్ళ బండి?" అంది ఆదెమ్మ.

"కంప్యూటర్ లేయడం లేదత్తా."

"లేపు. నీళ్ళు చల్లి లేపమందామంటే అవి కూడా లేవు కదా."

"బోరు నీళ్ళే కాచి పోస్తా ఉన్నానమ్మా మనవరాలికి. నోట్లో పెట్టుకుంటానే ఉమ్మేస్తా ఉంది" అంది సంతోషమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే కృష్ణకుమారిని ఎక్కువ బాధపెట్టింది. ఓటు వేసింది తన పేరుకు. ఎవరు అడిగినా వేలు చూపించడం తప్ప ఆమె చేయగలిగింది లేదు.

ఆమె గట్టిగా పట్టుబట్టడంతో రంగనాయకులు గారు మార్కాపురం నుంచి పాల్ రాజును పిలిపించారు. పాల్ రాజు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. చేతిలో విద్య ఉంది, దానికన్నా నోట్లో లౌక్యం ఎక్కువ ఉంది. వచ్చీ రాగానే గుడ్డ తీసి, కంప్యూటర్ కళ్ళు తెరిచేదాకా రెండు టీలు తాగి, ఏవో నొక్కి, ఒక పట్టిక తెరిచి పెదవి విరిచాడు.

"అన్నా, దీంట్లో స్టార్టప్‌లే నలభై ఆరు ఉన్నాయన్నా. ఇంకెట్ల లేస్తాది?"

రంగనాయకులు గారి చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏమంటివి?"

"స్టార్టప్‌లన్నా. ఆన్ చేస్తానే మనం పిలవకుండానే లేచి కూర్చుంటాయి. సగానికి పైగా మాల్‌వేరే. దొంగ ప్రోగ్రాములు. పని చేయవు, చేయనీయవు, ఉన్నదంతా తినేస్తాయి."

"మిగతా స్టార్టప్‌లు మాత్రం ఏం చేస్తాయిలే" అన్నారు రంగనాయకులు గారు. కానీ ఆయన మనసు అక్కడ లేదు. అది అంతకుముందు వారం మార్కాపురంలో జరిగిన సమీక్షా సమావేశంలో ఉంది. 'పల్లెకో అంకురం' పథకం కింద ప్రతి మండలంలో కనీసం ఒక్క స్టార్టప్ అయినా చూపించాలని పైనుంచి ఆదేశం. పక్క మండలం కన్వీనరు మేకపాల సబ్బు ఒకటి చూపించి శాలువా కప్పించుకున్నాడు. ఈ మండలానికి కన్వీనరైన రంగనాయకులు గారి పేరు ఎదురుగా సున్నా ఉంది. సున్నా ఉన్నవాళ్ళను వెనక వరసలో, ఫ్యాను లేని చోట కూర్చోబెట్టారు. అంకుర సంస్థల మండలిలో సభ్యుడి పదవి ఖాళీగా ఉందనీ, అది ముందు వరస వాళ్ళకేననీ కూడా అక్కడే తెలిసింది.

పాల్ రాజు మౌస్ పట్టుకున్నాడు. "ఒక్కొక్కదాన్నే డిసేబుల్ చేసి పడేస్తానన్నా. గంటలో గుర్రం మాదిరి పరిగెత్తుతాది."

"చెయ్యి తియ్యి!" అని అరిచారు రంగనాయకులు గారు. "పేరు స్టార్టప్పేనా?"

"పేరు అదేగానీ అన్నా, ఇవి ఆ స్టార్టప్‌లు..."

"తెర మీద ఇంగ్లీషులో రాసుందా లేదా?"

"రాసుందన్నా."

"అవన్నీ నడుస్తా ఉన్నాయా?"

"అదే కదన్నా రోగం. అన్నీ నడుస్తా ఉన్నాయి. ఇదిగో, ఎనేబుల్డ్, ఎనేబుల్డ్. ఈ పక్కన చూడు, ఇంపాక్ట్ హై అంట."

"ఇంపాక్ట్ హై" అని రంగనాయకులు గారు భక్తిగా పైకి చదువుకున్నారు. ఇదంతా ఆయనకు అర్థం కాలేదని అనుకుంటే అది ఆయన తెలివిని తక్కువ చేయడమే. అర్థమైంది. అర్థమైనా తొణకలేదు. నాయకుడికీ మామూలు మనిషికీ తేడా అదే.

వంటింటి గుమ్మంలోంచి కృష్ణకుమారి అంది: "ముందు ట్యాంకరు సంగతి చూడండి. పదకొండయింది."

"ఊరికి నలభై ఆరు కంపెనీలు వచ్చి ఉంటే ట్యాంకరు ట్యాంకరు అంటావేందే! ఎదగవా నువ్వు?"

ఆయన తెరను ఫోన్‌తో ఫోటో తీసి పైవాళ్ళ గ్రూపులో పెట్టారు. కింద ఒక్క ముక్క రాశారు: 'రాళ్ళవాగుపల్లె. స్టార్టప్‌లు 46. అన్నీ నడుస్తున్నవి.' అరుగు మీదున్న ఆదెమ్మ, సంతోషమ్మ ఖాళీ బిందెలతో ఇళ్ళకు పోయారు. పాల్ రాజు ఆ సాయంత్రానికల్లా అంకుర సంస్థల సాంకేతిక సలహాదారు అయ్యాడు. మెడలో కార్డు పడ్డాక అతనికి కూడా అవి మాల్‌వేర్‌లాగా కనబడటం మానేశాయి.

తర్వాతి వారం పరిశీలనకు ప్రభుదాస్ గారు వచ్చారు. అంకుర సంస్థల మండలిలో పెద్ద అధికారి. ఆయన చేతిలో ఒక ప్రొఫార్మా ఉంది. అందులో సంస్థ పేరు, ప్రస్తుత స్థితి, ప్రభావం అని గళ్ళున్నాయి. తెర మీది పట్టికలోనూ సరిగ్గా అవే గళ్ళున్నాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో అడక్కముందే ప్రొఫార్మా ప్రకారం తయారుగా ఉన్న ఊరిని ఆయన చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఏమిటి, లక్కీ స్పిన్?"

"స్పిన్నింగు సార్" అన్నాడు పాల్ రాజు. "నూలు."

"చేనేత, జౌళి" అని ఆయన రాసుకున్నారు. "ఈ మైనర్?"

"మైనింగు సార్."

"భేష్! మార్కాపురం పలకల గనులకు మళ్ళీ మంచి రోజులన్నమాట. మరి ఈ వర్మ్?"

"వానపాముల ఎరువు సార్."

"యజమానుల పేర్లు కొన్నింటికి లేవే?"

"ప్రచారం ఇష్టం లేనివాళ్ళు సార్" అన్నారు రంగనాయకులు గారు. "కొన్ని విదేశాలవి. ఎక్కడెక్కడి నుంచో మన ఊరి పేరు విని, మేము పిలవకుండానే వచ్చి దిగినాయి."

"ఉద్యోగాలు?"

పాల్ రాజు ఇంకో పట్టిక తెరిచాడు. ప్రాసెస్‌లు రెండు వందల పదకొండు అని ఉంది. రెండు వందల పదకొండు అని రాసుకున్నారు. ఆ పక్కనే సామర్థ్యం వంద శాతం వాడకంలో ఉన్నట్టు ఎర్రగా వెలుగుతోంది. ప్రభుదాస్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"రంగనాయకులు గారూ, వంద శాతం సామర్థ్యంతో పనిచేస్తున్న ఆఫీసును నా సర్వీసులో నేను ఇప్పుడే చూడటం."

కృష్ణకుమారి మజ్జిగ తెచ్చింది. ఇంట్లో మిగిలిన మంచినీళ్ళు ఆ మజ్జిగలోకే పోయాయి. ట్యాంకరు వస్తే మొదట ఆగేది వీళ్ళ తొట్టి దగ్గరే, ఇన్నాళ్ళూ రాక అదీ ఎండిపోయింది. ఆమె గ్లాసు అందిస్తూ, "సార్, ఈ కంప్యూటర్‌లోనే నీళ్ళ ఇండెంటు పెట్టాల. అది తెరుచుకోవడం లేదు. ఊళ్ళో తాగడానికి లేవు" అంది.

ప్రభుదాస్ గారు గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "అమ్మా, నీళ్ళు వేరే డిపార్ట్‌మెంటు" అన్నారు.

ఆయన వెళ్ళాక రంగనాయకులు గారు గుడ్డ కప్పి, దాని మీద 'ప్రభుత్వ గుర్తింపు పొందిన అంకుర కేంద్రం, తాకరాదు' అని అట్టముక్క పెట్టారు. రిబ్బన్ కత్తిరించడానికి హాల్లో చోటు లేక వంటింటి గుమ్మానికి కట్టారు. ఆ రోజు ఆ ఇంట్లో వంట ఆలస్యమైంది.

ఒకరోజు ఆయన సన్మానానికి గిద్దలూరు పోయిన సమయం చూసి కృష్ణకుమారి పాల్ రాజుకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, నీకు పుణ్యం ఉంటాది. అవన్నీ తీసేయి. ఒక్క ఇండెంటు పెట్టుకుంటా."

"అక్కా, ఇంతకుముందు అయితే తీసేసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటి మూతపడినా లెక్కలో తగ్గుతాది. రెండు వందల పదకొండు మంది ఉద్యోగాలక్కా. నా మీదికొస్తాది."

"యాడున్నారు తమ్ముడూ ఆ రెండు వందల పదకొండు మంది? ఒక్కరిని చూపించు."

"అట్ల అడిగితే ఎట్లక్కా" అని అతను పెట్టేశాడు.

ఆమె అట్టముక్క తీసి పక్కన పెట్టింది. తనకు తెలిసినంతలో కంప్యూటర్‌ను ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. వేలు పరికరం మీద ఆనించి, గుమ్మం వైపు ఒక కన్ను, గడియారం వైపు ఒక కన్ను వేసి కూర్చుంది. అరుగు మీద ఆదెమ్మ, సంతోషమ్మ, వాళ్ళ వెనక ఇంకో పాతిక బిందెలు. తెర మీద చక్రం తిరిగింది. కారు గెలిచారని అభినందన వచ్చింది. కంప్యూటర్ నెమ్మదిగా ఉందనీ, ఇక్కడ నొక్కితే వేగం పెరుగుతుందనీ వచ్చింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా ఇండెంటు పేజీ సగం తెరుచుకుంది. ఊళ్ళ జాబితాలో రాళ్ళవాగుపల్లె కనబడింది. "అత్తా, వచ్చినాది!" అని ఆమె కేక వేసింది. బయట బిందెలు కదిలిన చప్పుడు. ఆమె వేలు గట్టిగా ఒత్తింది. చక్రం మళ్ళీ తిరగడం మొదలుపెట్టి, పన్నెండు దాటి, ఒంటిగంట దాకా తిరిగింది. అప్పుడు పేజీ తెరుచుకుని, సమయం మించిపోయిందని మర్యాదగా చెప్పింది.

"కోడలా?" అంది బయటి నుంచి ఆదెమ్మ.

కృష్ణకుమారికి ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక అలాగే కూర్చుంది.

సాయంత్రం ఆయన వచ్చి పట్టిక చూసుకుని ఎగిరి గంతేశారు. ఆపి ఆన్ చేసేసరికి నలభై ఆరు కాస్తా యాభై ఒకటి అయ్యాయి. 'ఒక్క రోజులో ఐదు కొత్త అంకురాలు' అని పేపర్లో వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, ఇందులో మహిళా సర్పంచ్ చొరవ కూడా ఉందని రాశారు.

ఇంత మంచి ఒక్క ఊరికే పరిమితం కావడం న్యాయం కాదని పైవాళ్ళు భావించారు. 'రాళ్ళవాగుపల్లె నమూనా'ను జిల్లాలోని పడమటి పల్లెలన్నింటికీ విస్తరించాలని ఉత్తర్వులు వచ్చాయి. పాల్ రాజుకు జీపు ఇచ్చారు. అతను యాభై ఒక్క స్టార్టప్‌లనూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఊరూరా తిరిగాడు. పోయిన ప్రతి చోటా మేళతాళాలు, పసుపు కుంకుమలు, కంప్యూటర్‌కు హారతి. నెల తిరిగేలోగా పడమటి ప్రాంతంలో కొత్త సంస్థల సంఖ్య వేలల్లోకి పోయింది. ఆ ఊళ్ళన్నింటిలోనూ కంప్యూటర్లు వంద శాతం సామర్థ్యంతో పనిచేయసాగాయి. ట్యాంకర్లన్నీ నీళ్ళు నింపుకుని గిద్దలూరు రోడ్డు పక్కన బారులు తీరాయి. ఆదెమ్మ ఒకసారి అక్కడిదాకా నడిచిపోయి, డ్రైవరును బతిమాలింది.

"ఇండెంటు లేకుండా తాళం తీస్తే నా ఉద్యోగం పోతాది పెద్దమ్మా" అన్నాడు అతను. "ఏందో, ఈ మధ్య ఎవురూ అడగడమే లేదు."

మే నెలాఖరులో రాళ్ళవాగుపల్లె బడి ఆవరణలో బ్రహ్మాండమైన సభ పెట్టారు. వచ్చినవాళ్ళకు పెరుగన్నం, తలకొక చల్లటి నీళ్ళ ప్యాకెట్టు అని మైకులో చెప్పారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. ఎర్రయ్య మందను వదిలేసి వచ్చాడు. సంతోషమ్మ మనవరాలిని చంకన వేసుకుని వచ్చింది. ఇంత జనం తన కోసం ఎప్పుడూ రాలేదని రంగనాయకులు గారి కళ్ళు చెమర్చాయి.

వేదిక మీద ముఖ్య అతిథి మండలి అధ్యక్షుల వారు. ఆయన పక్కన ప్రభుదాస్ గారు, ఆ పక్కన కొత్తగా మండలి సభ్యుడైన రంగనాయకులు గారు, చివరి కుర్చీలో, కాగితాల్లో పేరుంది కాబట్టి, కృష్ణకుమారి. ఆమెకూ ఒక శాలువా కప్పారు. అధ్యక్షుల వారు స్టార్టప్‌ల గురించి చాలాసేపు మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించారు.

"ఇప్పుడు మీకొక శుభవార్త. నిన్ననే నీళ్ళ డిపార్ట్‌మెంటు వాళ్ళు లెక్కలు పంపారు. పోయిన వేసవిలో ఈ పడమటి పల్లెల నుంచి రోజూ వందల ట్యాంకర్లు అడిగేవారు. ఇప్పుడు ఎన్ని అడుగుతున్నారో తెలుసా? ఒక్కటి కూడా లేదు! అంటే ఏమిటి? స్టార్టప్‌లు వచ్చాయి, సంపద వచ్చింది, నీళ్ళ కరువు పోయింది! అందుకే ఈ ప్రాంతాన్ని తాగునీటి ఎద్దడి లేని ప్రాంతంగా ప్రకటిస్తున్నాం. ఇక మీకు ట్యాంకర్ల అవసరం లేదు కాబట్టి, వాటిని అవసరమున్న జిల్లాలకు పంపిస్తున్నాం."

సరిగ్గా అప్పుడే బడి గేటులోకి నీళ్ళ ప్యాకెట్ల ఆటో వచ్చింది. వేల మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. చేతులు పైకి లేచాయి. కేకలు మిన్నంటాయి.

అధ్యక్షుల వారు కదిలిపోయారు. రెండు చేతులూ జోడించారు. "చూశారా ప్రభుదాస్ గారూ, జనం లేచి నిలబడి అభినందిస్తున్నారు."

కృష్ణకుమారి కుర్చీలోంచి లేచింది. శాలువాతోనే, తన ముందున్న నీళ్ళ బాటిలు పట్టుకుని మెట్లు దిగి, జనంలోంచి దారి చేసుకుని, ఆటో ముందున్న వరసలోకి పోయింది. ప్యాకెట్లు పంచుతున్న అశోక్ రంగనాయకులు గారి అనుచరుడు. ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"వదినా, నువ్వేందిక్కడ? స్టేజీ మీద నీకు బాటిలు పెట్టినాం కదా."

"అది ఈ పాపకు తాపిచ్చినా" అంది ఆమె సంతోషమ్మ చంకలోని పిల్లను చూపించి. "ఇంట్లో చుక్క లేదు. ఒకటి ఇయ్యి."

"తలకొకటే వదినా. వరసలో రా."

వేదిక మీద అధ్యక్షుల వారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "ఎవరామె? దిగి వెళ్ళిపోయింది?"

"మా సర్పంచ్ సార్" అన్నారు రంగనాయకులు గారు గర్వంగా. "ఎప్పుడూ జనంలోనే ఉంటుంది."

వేదిక మీదున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కింద ఆదెమ్మ కొంచెం జరిగి, సర్పంచ్‌కు తన వెనక చోటిచ్చింది.